ఇంటి గోడయే పెరడు

మన గోదావరి డెల్టాలో ఒకప్పుడు పెరడు లేని ఇల్లు అరుదు. నూతి గట్టున అరటి, ఇంటి కప్పు మీదికి ప్రాకిన ఆనప పాదు, దడికి అల్లుకొన్న బచ్చలి, దొండ, వాకిట తులసికోట దాదాపు ప్రతి ఇంటా కనుపించెడివి. అన్నదమ్ములు పంచుకొనగా పంచుకొనగా ఇళ్ల స్థలాలు చిన్నవైనవి. దొడ్డి ఉన్నచోట గది లేచినది, గది ప్రక్కన మరొక వాటా లేచినది. 2020లో ప్రభుత్వం పంచిన ఇళ్ల స్థలాలు పట్టణాలలో ఒక సెంటు, గ్రామాలలో సెంటున్నర. సెంటు అనగా సుమారు 435 చదరపు అడుగులు. అందులో గది, వంటిల్లు, మరుగుదొడ్డి పోగా కొత్తిమీర చల్లుకొనుటకైనను మట్టి నేల మిగులుట కష్టము. మిగిలేది గోడ మాత్రమే.

గోడ మీద మొక్కలు పెంచుట ఇటీవల ఒక వేడుకగా వ్యాపించినది. కాకినాడలో దుకాణాలలోను, వైద్యశాలలలోను, పెండ్లి మంటపాలలోను పచ్చని గోడలు కట్టుచున్నారు. వీనిలో కొన్ని ప్లాస్టిక్ ఆకులే. అవి నీరు కోరవు, ఎదుగవు. వాటితో మనకు పని లేదు. నిజమైన మొక్కలతో గోడ నింపు పద్ధతికి అమెరికా దేశంలో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్టాన్లీ హార్ట్ వైట్ అను ఆచార్యుడు 1938లో పేటెంటు హక్కు పొందినాడు. తరువాత పాట్రిక్ బ్లాన్ అను ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త మట్టి లేకుండ, తడి గుడ్డ పొరలలో వేళ్లు పారించి పెద్ద పెద్ద భవనాల గోడలను పచ్చగా చేసినాడు. ప్యారిస్‌లోని క్వై బ్రాన్లీ మ్యూజియం గోడ అట్టిదే. అందుకు రేయింబవళ్లు నీరు పంపు యంత్రము, కనిపెట్టి ఉండు మనుష్యులు కావలెను. మన ఇంటికి అంత అవసరం లేదు. ఆనప పాదును కప్పు మీదికి ఎక్కించిన చేతులకు ఈ పని కొత్త కాదు. ఐతే ఇంటి లోపల పెంచునప్పుడు కొన్ని విషయాలు పొలములో వలె ఉండవు. వాటినే ఇందు వివరించుచున్నాను.

ముందు వెలుతురు చూడవలెను

మొక్కలు కొనుటకు ముందు గోడను చూడవలెను. చాలామంది ముందు మొక్కలు కొని, తరువాత గోడ వెదకుదురు. నెల తిరుగక ముందే మొక్కలు చచ్చిపోవును. నీరు చాలలేదనుకొని మరింత పోయుదురు. నిజమునకు చాలనిది వెలుతురు.

మన కన్ను ఈ విషయంలో మోసగాడు. గదిలో పేపరు చదువుకొనగలిగినంత వెలుగు ఉన్న యెడల మనకు చాలినంత వెలుగే అనిపించును. వెలుతురును లక్సు అను కొలతతో కొలుతురు. మిట్టమధ్యాహ్నం ఎండలో సుమారు లక్ష లక్సు వెలుగు ఉండును. కిటికీ ప్రక్కనే సుమారు వెయ్యి, రెండు వేలు. గదిలో ఎదుటి గోడ వద్దకు పోయేసరికి వంద, రెండు వందలు. ఎండలో పెరుగు గోంగూరకు ఆ గోడ చీకటి కొట్టుతో సమానము.

కొలత పనిముట్టు లేకున్నను పరీక్ష కలదు. పగలు పన్నెండు గంటలకు గోడ దగ్గర ఒక తెల్ల కాగితము ఉంచి, దానికి అడుగు ఎత్తున అరచేయి చాపవలెను. నీడ అంచులు స్పష్టముగా, వ్రేళ్లు లెక్కపెట్టునట్లు పడిన యెడల ఆ చోట ఆకుకూరలు ప్రయత్నించవచ్చును. నీడ మసకగా పడిన యెడల తమలపాకు, మనీప్లాంటు వంటి నీడ మొక్కలు పెరుగును. నీడయే పడని యెడల ఆ గోడకు మొక్కలు వద్దు, దేవుని పటము పెట్టుకొనుట మేలు.

దిక్కు కూడ గమనింపవలెను. కాకినాడ భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 17 డిగ్రీలలో ఉన్నది. కావున మే రెండవ వారం మొదలు ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరముగా నడచును. ఆ దినాలలో ఉత్తరపు వసారాకు ఎండ తగులును. మిగిలిన కాలమంతయు దక్షిణపు వైపే ఎండ. సంక్రాంతి దినాలలో దక్షిణపు కిటికీ గుండా ఎండ గదిలోనికి చాలా దూరము వచ్చును. నవంబరులో చూచి బాగున్నదనుకొన్న చోటు మే నెలలో నీడ కావచ్చును. తూర్పు వసారా అన్నిటికంటె మంచిది. పడమటి గోడ వేసవిలో సాయంత్రం వరకు కాలుచుండును. అక్కడ చిన్న కుండీలలోని వేళ్లు ఉడికిపోవును.

తప్పనిసరిగా గది లోపలనే కావలెననువారు మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబును మొక్కలకు అడుగు ఎత్తున బిగించి, దినమునకు 12 గంటలు వెలిగింపవచ్చును. 20 వాట్ల ట్యూబుకు నెలకు సుమారు 7 యూనిట్ల విద్యుత్తు అగును. ఆ ఖర్చుకు ఒప్పుకొన్నవారే చేయవలెను.

మేకులకు కుండీలు తగిలింపరాదు

ఈ పని మొదట నేను పొరపాటుగా చేసినాను. ఆ సంగతి చెప్పుట మంచిది. కాకినాడలో అద్దె ఇంట ఉండగా వసారా గోడకు వరుసగా మేకులు దిగగొట్టి, మట్టి కుండీలు ఇరవై వరకు తగిలించినాను. శ్రావణ మాసములో చూడ ముచ్చటగా ఉండెను. భాద్రపదానికి గోడ చెమ్మగిలి, సున్నము పొరలు పొరలుగా లేచినది. కార్తికములో ముసురు పట్టిన ఒక రాత్రి నాలుగు మేకులు ఊడి కుండీలు నేలపై పడి పగిలినవి. పగలంతా మా పిల్లవాడు ఆ గోడ క్రిందనే ఆడుకొనెడివాడు. రాత్రి పడుట మా అదృష్టము. ఇంటి యజమాని సున్నము ఖర్చు అడిగినారు. ఇచ్చుకొన్నాను.

బరువు లెక్క ముందే కట్టి ఉన్న యెడల ఈ పని చేసి ఉండెడివాడను కాను. ఆరు అంగుళాల కుండీలో సుమారు రెండు లీటర్ల మట్టి పట్టును. తడిసిన మట్టి, కుండీ బరువు కలిపి మూడున్నర కిలోలకు తగ్గదు. ఇరవై కుండీలు 70 కిలోలు. ఒక నిండు మనిషి రేయింబవళ్లు గోడకు వ్రేలాడుచున్నట్లే. మట్టి గోడలకు, పాత సున్నపు గోడలకు, పలుచని సిమెంటు ఇటుక గోడలకు అది తగదు.

కావున బరువు నేల మీదనే ఉండవలెను. నిచ్చెన వంటి చట్రము చేసి గోడకు ఆనించవలెను. మన్యపు వెదురు దొరకునచో మంచిదే. ఆరడుగుల నిలువు గెడలు రెండు, మూడడుగుల అడ్డు కర్రలు అయిదు చాలును. కోసిన పచ్చి వెదురును రెండు మూడు వారాలు చెరువు నీటిలో నానవేసి, నీడన ఆరబెట్టిన యెడల అందలి పిండి పదార్థము పోయి పురుగు తొలుచుట తగ్గును. మన పెద్దలు పాకల వెదురుకు చేసినది ఇదే. గెడల అడుగు భాగాలు నేలకు తగులకుండ ఇటుకల మీద నిలుపవలెను, లేనిచో చెద పట్టును. చట్రమునకు గోడకు నడుమ మూడు అంగుళాల ఖాళీ ఉండవలెను. ఆ సందున గాలి ఆడును, గోడ ఆరును. పై కొసలను మాత్రం ముందుకు వాలకుండ ఇనుప తీగెతో కిటికీ ఊచకో, గట్టి కొక్కెమునకో కట్టవలెను. పిల్లలు నిచ్చెన చూచిన ఎక్కకుండ ఉండరు. కావున ఈ కట్టు మరువరాదు.

మట్టికి బదులు కొబ్బరి పొట్టు

డెల్టా ఒండ్రు నేలలు వరికి బంగారము. కుండీకి మాత్రము పనికిరావు. తడిసిన జిగురై గాలి ఆడదు, ఎండిన కుండీ అంచు వదలి బీట వేయును. పోసిన నీరు ఆ బీట గుండా క్రిందికి జారిపోవును, వేరుకు అందదు. పెద్దాపురం, రాజానగరం వైపు ఎర్రమట్టి కొంత మేలు.

కోనసీమ కొబ్బరి పీచు తీయుచోట్ల మిగులు పొట్టు ఈ పనికి చాలా అనుకూలము. తేలికగా ఉండి తన బరువునకు ఎన్నో రెట్లు నీరు పట్టి ఉంచును. కాని పచ్చి పొట్టును తెచ్చి అట్లే వాడరాదు. ఇందులో ఉప్పు ఉండును. సముద్ర తీరపు ఉప్పునీటిలో కాయ నానబెట్టినచోట మరింత హెచ్చు. ఉప్పు వలన ఆకు కొసలు మాడును. పొట్టును మంచినీటిలో రాత్రంతా నానవేసి వార్చవలెను. ఇట్లు మూడు సారులు చేయవలెను. మొదటి నీరు కాఫీ రంగున దిగును, మూడవసారికి తేట పడును. ఎర్రని కొత్త పొట్టు కంటె కుప్పలో ముగ్గి నల్లబడిన పాత పొట్టు మంచిది. కొత్త పొట్టు కుళ్లునప్పుడు మొక్కకు పోవలసిన నత్రజనిని తానే తినివేయును.

కడిగిన పొట్టు రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, వానపాముల ఎరువు ఒక పాలు కలిపి వాడవలెను. ఈ మిశ్రమముతో పలుచని ప్లాస్టిక్ కుండీ రెండు, రెండున్నర కిలోలకు మించదు. తరువాత నెలకొక గుప్పెడు వానపాముల ఎరువు పైన వేసిన చాలును. పొలానికి తెచ్చిన యూరియా మిగిలినదని చిటికెడు వేయుదురు. రెండు లీటర్ల కుండీకి ఆ చిటికెడే హెచ్చు. వేళ్లు మాడును.

ఏ మొక్కలు?

వంటింటి గోడకు నేను మొదట చెప్పునది తమలపాకు. దీనిని నీడ కోరు మొక్క అని మన రైతులకు చెప్పవలసిన పని లేదు. అవిసె చెట్ల నీడన తమలపాకు తోటలు పెంచిన జిల్లాలు మనవి. మూడు నాలుగు కణుపులున్న తీగ ముక్కను తీసికొని, రెండు కణుపులు మట్టిలో ఉండునట్లు వర్షాకాలములో నాటవలెను. కర్రకు కొబ్బరి పీచు దట్టముగా చుట్టి కుండీలో నిలిపి, ఆ పీచును తడిగా ఉంచిన యెడల కణుపు వేళ్లు దానిని పట్టుకొని తీగ ఎక్కును. మూడు నాలుగు నెలలకు ఆకులు కోసికొనవచ్చును. శుభకార్యములకు, నోములకు, తాంబూలమునకు ఇంటి ఆకే సరిపోవును. నీరు నిలిచిన మాత్రము మొదలు కుళ్లి రెండు మూడు దినములలోనే తీగ వాడిపోవును. కుండీ అడుగున రంధ్రాలు పూడిపోకుండ చూడవలెను.

బచ్చలికి రోజుకు మూడు నాలుగు గంటల ఎండ కావలెను. వసారాలో పదంగుళాల కుండీని నేల మీదనే ఉంచి, పురికొసలు చట్రం పై కర్ర వరకు కట్టిన పాదు నిలువున పోవును. పుదీనా కొమ్మలు బజారున కొన్న కట్టలోనివే గ్రుచ్చవచ్చును. సుమారు రెండు వారాలకు వేళ్లు దిగును, నెలన్నరకు మొదటి కోత వచ్చును. మెంతికూరను వెడల్పు పెట్టెలో చల్లిన మూడు, నాలుగు వారాలలో కోయవచ్చును. వాము ఆకు కొమ్మ గ్రుచ్చినచో బ్రతుకును, నీరు కొంచెము చాలును. పొన్నగంటి తడిని కోరును, కావున అట్టడుగు అరలో ఉంచవలెను. గోంగూర, వంగ, మిరప, టమాటా ఇంటి లోపలికి తేవలదు. అవి సన్నగా సాగి, పూత రాలి, యజమానిని విసిగించును. వాటికి డాబా మీదనే చోటు.

అందము కొరకు పెంచువారికి కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక నర్సరీలు దగ్గరలోనే కలవు. మనీప్లాంటు, సింగోనియం, స్పైడర్ ప్లాంటు, ఫెర్నులు నీడ గోడకు తగినవి. మనీప్లాంటులో ఒక వింత గమనింపవచ్చును. తీగను క్రిందికి వ్రేలాడనిచ్చిన ఆకులు చిన్నవగును. పీచు కర్ర మీద పైకి ఎక్కించిన పెద్దవగును. ఐతే మనీప్లాంటు, సింగోనియం, డైఫెన్‌బేకియా ఆకులలో సూదుల వంటి ఆక్జలేటు స్ఫటికములు ఉండును. నమలిన నోరు, గొంతు మండి వాచును. ప్రాకు పిల్లలున్న ఇంట వీటిని క్రింది అరలలో ఉంచరాదు. కత్తిరించిన తీగలను మేకలకు, పశువులకు వేయరాదు.

నర్సరీ నుండి మొక్క తెచ్చినప్పుడు ఆకు త్రిప్పి అడుగు భాగము చూడవలెను. 2016లో తమిళనాడులో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ ఆ సంవత్సరమే కడియం ప్రాంతమున కనుపించి, తరువాత కొబ్బరి తోటలకు ఎంత నష్టము చేసినదో మన రైతులకు తెలియును. ఆకు అడుగున తెల్లని వలయములు గాని, దూది వంటి పిండినల్లి గాని ఉన్న యెడల ఆ మొక్కను కొనరాదు. కొన్న మొక్కను కూడ రెండు వారములు వేరుగా ఉంచి, తరువాత మిగిలినవాటితో కలుపవలెను. కొబ్బరి తోట ఉన్న రైతుకు ఇది వేడుక విషయము కాదు.

పొలం మందు ఇంటిలోనికి రారాదు

ఈ మాట రైతు సోదరులకు ప్రత్యేకముగా చెప్పుచున్నాను. పట్నవాసి ఇంట పురుగుమందు ఉండదు. మన ఇంట ఉండును. చేనికి తెచ్చినది అడుగున కొంచెము మిగిలినది కదా అని పిండినల్లి పట్టిన కుండీకి కొట్టుట చూచినాను. ఆ గదిలోనే అన్నము తినుచున్నారు, పిల్లలు పండుకొనుచున్నారు. చేలో గాలికి చెదరు మందు మూసిన గదిలో గోడలకు, పక్కబట్టలకు పట్టి ఉండును. ఏ పరిస్థితిలోను పొలం మందు ఇంటి మొక్కకు వాడరాదు. పిండినల్లిని తడి గుడ్డతో తుడిచివేయవచ్చును. ఎక్కువైనచో మొక్కను బయటికి తీసికొనిపోయి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంకాలము పిచికారి చేయవలెను. వారము విడిచి మరల చేయవలెను. అప్పటికీ పోకున్న మొక్కను పీకి కాల్చివేయవలెను.

నీరు, దోమ

పై అర త్వరగా ఎండును, క్రింది అర తడిగానే ఉండును. పైన పోసిన నీరు క్రిందికి కారుటయే ఇందుకు కారణము. అందువలన అన్నిటికి ఒకే కొలత పనికిరాదు. వ్రేలు మట్టిలో ఒక కణుపు వరకు దించి, తడి తగిలిన ఆ దినము పోయనక్కరలేదు. వేసవిలో ఇరవై చిన్న కుండీలకు దినమునకు మూడు నాలుగు లీటర్లు పట్టును. ముసురు దినాలలో మూడు రోజులకొకసారి చాలును. తీరపు గ్రామాలలో బోరు నీరు ఉప్పగా ఉండుట తెలిసినదే. వాననీరో, కాలువ నీరో వాడవలెను. ఉప్పునీరు తప్పనిచో నెలకొకసారి కుండీని బయటపెట్టి, మంచినీరు అడుగున ధారగా కారువరకు పోసి ఉప్పు కడిగివేయవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది దోమ. ఒక వర్షాకాలములో జ్వరాల సర్వేకు వచ్చిన ఆరోగ్య కార్యకర్త మా ఇంట అల్మరా మీది మనీప్లాంటు సీసాను టార్చి వెలుగులో ఎత్తి చూపినది. సీసాలో పురుగులు వంకరలు తిరుగుచు మునుగుచు తేలుచున్నవి.

“ఇవేంటండీ బాబుగారూ? కాలువ బాగుచెయ్యలేదని పంచాయతీని అడుగుతున్నారు, దోమల్ని మీరే పెంచుతున్నారు కదండీ” అన్నది.

జవాబు చెప్పలేకపోయినాను. డెంగ్యూ జ్వరమును తెచ్చు ఏడిస్ దోమ మురుగు కాలువలో కాదు, ఇటువంటి మంచినీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమ అగుటకు వారము, పది దినములు చాలును. కావున మొక్కలున్న సీసాలలో నీరు వారమునకు ఒక దినము నియమించుకొని మార్చవలెను. ఒలకబోసిన మాత్రమున చాలదు. గ్రుడ్లు నీటి అంచున సీసా గోడకు అంటి, ఎండినను నెలల తరబడి బ్రతికి ఉండును. లోపల బ్రష్షుతో రుద్ది కడుగవలెను. కుండీల క్రింది పళ్లెములలో ఇసుక నింపిన నీరు పైకి నిలువదు. సాధ్యమైనంతవరకు సీసాలు మాని పొట్టులోనే నాటుట మంచిది. గ్రామ సచివాలయాల వసారాలలో పచ్చదనము కొరకు కుండీలు పెట్టించు అధికారులు ఈ పనికి మనిషిని ముందు నియమించి, తరువాత మొక్కలు తెప్పించవలెను.

గాలి శుభ్రమగునా?

ఇంటి మొక్కలు గదిలోని విషవాయువులను పీల్చి గాలిని శుభ్రము చేయునని నర్సరీలలో బోర్డులు కనబడును. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన ప్రయోగము ఈ మాటకు ఆధారము. కాని ఆ ప్రయోగము గాలి చొరని మూసిన పెట్టెలలో జరిగినది. 2019లో శాస్త్రజ్ఞులు అట్టి ప్రయోగములన్నిటిని మరల లెక్కవేయగా, తలుపులు కిటికీల ద్వారా వచ్చిపోవు మామూలు గాలి చేయు పనిని మొక్కలే చేయవలెనన్న చదరపు మీటరు నేలకు 10 మొదలు 1000 మొక్కల వరకు కావలసి వచ్చునని తేలినది. అన్ని మొక్కలున్న గదిలో మనిషికి చోటుండదు. గాలి కావలసినవారు కిటికీ తీయవలెను. కట్టెల పొయ్యి పొగకు గొట్టము పెట్టవలెను. మొక్కలు కంటికి చలువ కొరకు, కూరకు, తాంబూలమునకు పెంచుకొనవలెను.

తుపాను దినాలలో

అక్టోబరు, నవంబరు నెలలలో కాకినాడ ఓడరేవులో ప్రమాద సూచిక ఎగురవేసినారని విన్న వెంటనే వసారాలోని చట్రమును ఖాళీ చేయవలెను. వ్రేలాడు కుండీలు గాలికి రాళ్ల వలె ఎగురును. 1996 నవంబరు తుపాను చూచినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. కుండీలను లోపలి గదిలో నేల మీద చేర్చి, చట్రమును పడుకోబెట్టి త్రాటితో కట్టవలెను. తుపాను వెలిసిన తరువాత ఆకుల మీద ఉప్పు పొర ఉండును. మంచినీటితో కడిగి, రెండు దినములు నీడన ఉంచి, మరల ఎక్కించవలెను. విరిగిన తమలపాకు తీగలను పారవేయవలదు. కణుపులు పచ్చిగా ఉన్నంతవరకు ముక్కలు చేసి తడి పొట్టులో గ్రుచ్చిన యెడల అవియే ఇరుగుపొరుగు ఇండ్లకు నారు అగును.